నీళ్ళ సీసాలో ఉండవలసిన పన్ను

2018 నవంబరు తొమ్మిదవ తేదీ, శుక్రవారం, ఉదయం తొమ్మిదింబావు. తెల్లవారుజామున పట్టిన తుంపర అప్పుడే తెరిపి ఇచ్చింది. నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న బడి మెట్లమీద ఒక పెద్దమనిషి మూడు గాజు సీసాలను సంచిలోనుండి తీసి, ఒక్కొక్కదానినీ చేతిగుడ్డతో తుడుస్తున్నాడు. ఆయన వృత్తి కట్టుడుపళ్ళు చేయడం. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే పని. నోటి అచ్చు చూచి మనిషి వయస్సు చెప్పగల నేర్పరి. అయిదవ తరగతి పిల్లలు చూచిన గడియలోనే ఆయనకు పళ్ళతాత అని పేరు పెట్టారు.

తియ్యని పానీయాలు పళ్ళను ఏమి చేస్తాయో పిల్లలకు కళ్ళారా చూపాలని ఆయన వచ్చాడు. ఒక సీసాలో నీళ్ళు, ఒకదానిలో పాలు, ఒకదానిలో నల్లని కూల్‌డ్రింకు. మూడింటిలోనూ ఊడిన పాలపళ్ళు వేసి, వారం తరువాత పోల్చి చూడాలి. పిల్లలు రెండు పళ్ళే తేగలిగారు. మూడవదానిని ఆయన చొక్కా జేబులోనుండి, దూదిలో చుట్టినదానిని తీశాడు.

అది ఆయన కూతురిది. ఆరేళ్ళ వయస్సులో, బడికని సంచి కొన్న వారానికే, జ్వరంతో పోయింది. అంతకుముందు ఊడినది ఆ ఒక్క పన్నే. క్రిందటి సాయంత్రం ఆయన దానిని భార్యను అడిగాడట.

“దానిదంటూ మిగిలింది అదొక్కటేనండీ.”

“వేసేది నీళ్ళల్లోనే. నీళ్ళల్లో పన్నుకేమవుతుంది చెప్పు?”

“సరే, తీసుకెళ్ళండి. అదీ ఓ వారం బడికెళ్ళొచ్చినట్టుంటుంది. నీళ్ళల్లోనే సుమా!”

ఏ సీసాలోని పన్ను ఎవరిదో ఆయన మూతలమీద వ్రాశాడు. పళ్ళసెట్టు పెట్టెలకు మూతమీదనే పేరు వ్రాయడం ఆయనకు చెయ్యి తిరిగిన అలవాటు. ఆ పెట్టెలకు మూతలు మారవు. సోమవారం నాడు ఆ తరగతి టీచరమ్మ నీళ్ళు, పాలు, పానీయం కొత్తవి పోయించింది. పిల్లలు పళ్ళను తీసి ఏ పన్నును ఆ మూతలో పెట్టి, సీసాలు కడిగి తెచ్చేసరికి, బల్ల తుడిచిన చేతులు మూతలను అటువి ఇటు జరిపినవి. పళ్ళు సీసాలు మారిన సంగతి ఎవరికీ తెలియలేదు.

మరుసటి శుక్రవారం ఆయన మూతమీది రాత చూడకుండానే నల్లని పానీయాన్ని ఒంపి, పట్టకారుతో పన్నును పైకెత్తాడు. అందులో ఉండవలసినది ఒక పిల్ల దవడపన్ను. వచ్చినది క్రింది వరుస ముందుపన్ను. గోధుమరంగుకు తిరిగి, అంచు సున్నంలా రాలుతున్నది. ఆయన దానిని పట్టకారుతోనే వెలుతురులో త్రిప్పి చూచాడు.

“ఛీ, తుప్పు పట్టిన మేకులా ఉంది!”

“ఒసేయ్, నీదే కదా అది? ఇక నీ పక్కన కూర్చోను పో!”

“నాది కాదు! నాది ఇంత లావుది!” ఆ పిల్ల ఏడుపు లంకించుకున్నది.

“ఏడవకమ్మా, నీది కాదులే,” అన్నాడు ఆయన. “ఇది మా అమ్మాయిది.”

“మీ అమ్మాయి పళ్ళు తోముకోదా తాతా?”

తరగతి గొల్లుమన్నది.

“తోముకునేదమ్మా. రెండు పూటలా తోముకునేది.”

“గోటితో గీకి చూపించు తాతా!”

“వద్దమ్మా. కనపడుతోంది కదా.”

పాఠం మాత్రం ఆయన చివరివరకూ చెప్పాడు.

ఆపైన ఇంటికి పోలేదు. పనిగదికి పోయి, సాయంకాలం వరకు కూర్చుండి, అచ్చం అటువంటి పన్నునే తయారుచేశాడు. రంగు, అంచు, చిన్న గాటు, ఒక్కటీ తప్పలేదు. దానిని దూదిలో చుట్టి భార్యకు ఇచ్చాడు. ఆమె అరచేతిలో వేసుకొని, తూచినట్లు రెండుసార్లు కదిపింది.

“పనితనం బాగుంది,” అన్నది. “ఇప్పుడు దానిది ఇవ్వండి.”

ఇచ్చాడు. ఆమె దానిని కిటికీ దగ్గరకు తీసుకొనిపోయి చూచుకున్నది.

“నీళ్ళల్లో అన్నారు.”

“అన్నాను.”

సోమవారం సీసాల కొరకు వచ్చినప్పుడు ఇదంతా నాతో చెప్పి, “టీచరమ్మకు తెలియనీయకండి, పాపం, ఆవిడ తప్పేముంది? రాత సీసామీద రాయాల్సింది నేను,” అన్నాడు. నేను చెప్పలేదు.

ఆయన మరల మా బడికి రాలేదు. రెండేళ్ళకు పైగా పళ్ళు కట్టి, 2021 ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయాడు. టీచరమ్మ ఆ పాఠాన్ని ఇప్పుడు గుడ్డు పెంకులతో చెప్పుచున్నది. ఆయన భార్య ఇప్పుడు తన చెల్లెలి ఇంట ఉన్నది. కూతురి పన్ను, పాఠం చెప్పిన మరుసటి వేసవికే, ఎండి రెండుగా చీలినది. ముక్కలు రెండూ ఆమె వద్దనే ఉన్నవి.