తల లేని సింహాలు

ఈ భూమ్మీద ఉన్న కంప్యూటర్లన్నీ ఒక అత్తగారికి భయపడి, పని మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఆగుతాయి. అన్నీ అంటే మరీ అన్నీ కావులెండి. పాతకాలపు లావు తీగతో ఇంకో యంత్రానికి తగిలించినవి మాత్రమే. భయం అన్న మాట కూడా కాస్త ముదురుగా పడింది, మర్యాద అందాం. కానీ ఆ ఒక్క క్షణం మాత్రం నిజం. అది ఆ అత్తగారి ముందుగదిలో పుట్టిందన్నదీ నిజం. పుట్టించింది కోడలు.

కోడలికి పుట్టింటివాళ్లు పెట్టిన ముద్దుపేరు గుంజ. చిన్నప్పుడు ఏదన్నా పట్టుబట్టి నిలబడితే నలుగురు కలిసి లాగినా కదిలేది కాదట. పెళ్లయ్యాక మొగుడు ఆ పేరు ఎలాగో కూపీ లాగి, కోపం వచ్చినప్పుడు ఒక రాగంలో, ప్రేమ వచ్చినప్పుడు ఇంకో రాగంలో వాడుకుంటున్నాడు. ఆమె పనికి అంతకన్నా తగిన పేరు దొరకదు. ఆమె కెర్నెల్ రాస్తుంది.

కెర్నెల్ అంటే కంప్యూటర్లో అందరికన్నా అడుగున కూర్చునే ప్రోగ్రాం. పైన ఆడేవీ, పాడేవీ, బొమ్మలు గీసేవీ ఎన్ని ఉన్నా, ఏది కావాలన్నా దాని గుమ్మం దగ్గరికి వచ్చి అడగాల్సిందే. దాన్ని రాసేవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే పొద్దస్తమానం పోట్లాడుకుంటారు. వాళ్ల కట్టుబాటు ఒక్కటే. లోపల ఇల్లు పీకి పందిరెయ్యి, ఎవరూ ఏమనరు. గుమ్మం మాత్రం జరపకు. గుమ్మం వంకరగా ఉంటే ఆ వంకరకు అలవాటుపడి ఎవరో ఒకరు తల వంచి నడుస్తుంటారు. దాన్ని సరిచేస్తే వాళ్ల తల బొప్పి కడుతుంది. బొప్పి కట్టిందని ఒక్కరు వచ్చి చెప్పినా సరే, తప్పు సరిచేసినవాడిదే.

కోడలు ఇదంతా వివరిస్తే మామగారు శ్రద్ధగా విని, "అంటే లోపల రోజూ గందరగోళం, బయటికి మహా నిదానం. అచ్చం మీ అత్తయ్యే" అన్నారు.

"వినపడింది" అంది అత్తగారు ముందుగదిలోంచి.

ముందుగది అత్తగారి సామ్రాజ్యం. కిటికీ కింద ఎంబ్రాయిడరీ మిషను, గోడంతా రంగురంగుల దారపు రీళ్లు, పక్క బల్ల మీద మిషనుకు బొమ్మలు పంపే కంప్యూటర్. ఆ మిషను చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. మిషనుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అది కుడుతూనే ఉంది. మామగారు కాన్వెంటులో చదివిన మనిషి. గడప దగ్గర ఆగి, చేతులు కట్టుకుని, "మే ఐ కమిన్ మేడమ్?" అంటేగాని ఆ గదిలోకి రారు. సగం రోజులు "నో" అనే వస్తుంది.

ఆ రోజుల్లో గుంజ చేతిలో ఒక పెద్ద పని ఉంది. పాత తీగల మీద మాట్లాడే భాగాన్ని కెర్నెల్లో ఎవరూ ఏళ్ల తరబడి ముట్టుకోలేదు. ఎవరికి తోచిన అతుకు వాళ్లు వేసి పోయారు. దాన్ని మొత్తం విప్పి మళ్లీ కట్టింది. రెండేళ్ల కష్టం. ఎదురుగుండా ఉన్న గదికి వీధి చుట్టూ తిరిగి వెళ్లినట్టు ఉండే దారులన్నీ మూసేసి, తిన్నగా వెళ్లే దారి వేసింది. ఆదివారం కొత్త కెర్నెల్ విడుదల. ఏది లోపలికి రావాలో ఏది రాకూడదో ఆఖరిమాట చెప్పేది దూరదేశంలో ఉన్న ఒకావిడ. ఈ ఇంట్లో ఆవిణ్ణి పెద్దక్క అంటారు. "విడుదలలో ఏ గొడవా రాకపోతే ఆ భాగం బాధ్యత నీకే ఇస్తాను" అని పెద్దక్క మాటిచ్చింది. ఆ గుమ్మానికి కాపలాదారు కావడం గుంజకు ఉద్యోగం మొదలుపెట్టిన నాటి కోరిక.

కెర్నెల్ రాసేవాళ్లకు ఒక జబ్బు ఉంది. ఇంట్లో ఊరికే కూర్చున్నట్టు కనిపించిన ప్రతి కంప్యూటర్లోనూ ఇంకా విడుదల కాని కెర్నెల్ ఎక్కించేస్తారు, నిద్రపోతున్న పిల్లికి చొక్కా తొడిగినట్టు. గురువారం మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా గుంజ ఆమె కంప్యూటర్‌కు ఆ చొక్కా తొడిగేసి, ఆ సంగతి మరిచిపోయింది.

శుక్రవారం పొద్దున్న అత్తగారి కేక వీధి చివరిదాకా వినిపించింది.

పక్క బడివాళ్లు ఆటల పోటీలకు బ్యాడ్జీలు కుట్టమన్నారు. బ్యాడ్జీ మీద గర్జించే సింహం. సోమవారం డ్రిల్లు మాస్టారు వచ్చి తీసుకెళ్తారు. తీరా చూస్తే మిషను కుట్టిన సింహానికి ఒళ్లుంది, తోకుంది, నాలుగు కాళ్లున్నాయి. తల లేదు. ఇంకోటి కుట్టింది. దానికీ లేదు. అత్తగారు సూది మార్చింది, దారం మార్చింది, నూనె వేసింది. చివరికి సూది మీద కోపం మొగుడి మీదికి మళ్లింది.

"నిన్న ఈ బల్లకు ఆనుకుని నిలబడ్డారు కదూ?"

"నేను గడప దాటితే కదా! నో అన్నావు."

"అక్కణ్ణించే ఊపిరి వదిలుంటారు."

గుంజ టీ గ్లాసు పట్టుకుని వచ్చి, వరసగా పరిచిన మొండాల్ని చూసింది. నిన్నటి చొక్కా గుర్తొచ్చింది. గ్లాసు పక్కన పెట్టి, పాత కెర్నెల్‌తో కంప్యూటర్ని మళ్లీ లేపింది. "అత్తయ్యా, ఒకటి కుట్టండి."

సింహం తలతో సహా వచ్చింది.

"నీ చెయ్యి మంచిదమ్మా" అంది అత్తగారు.

గుంజకు తన చెయ్యి మంచిదని నమ్మకం లేదు. కొత్త కెర్నెల్లో ఎంతోమంది చేసిన మార్పులున్నాయి, తప్పు ఎవరిదైనా కావచ్చు. ఇలాంటప్పుడు వాళ్లకొక పద్ధతి ఉంది. మార్పుల్ని సగానికి విరిచి, ఒక సగంతో నడిపి చూస్తారు. తప్పు కనిపిస్తే అందులోనే ఉంది, కనిపించకపోతే రెండో సగంలో ఉంది. దొరికిన సగాన్ని మళ్లీ విరుస్తారు. మిగతావాళ్లు దీన్ని తెర మీద చూసుకుంటారు. గుంజ సింహాల మీద చూసుకుంది.

"తల?"

"లేదు."

"ఇప్పుడు?"

"ఉంది. పైగా నవ్వుతోంది."

"నవ్వడం లెక్కలోకి రాదత్తయ్యా. ఇప్పుడు?"

"లేదు. ఇది మీ మామయ్యలా ఉంది."

విరుస్తూ విరుస్తూ పోతే మధ్యాహ్నానికి ఒక్క మార్పు మిగిలింది. దాని మీద ఉన్న పేరు గుంజదే.

సంగతి తేలిపోయింది. పాత దారి చుట్టుతిరుగుడు వల్ల, తీగ తెరిచాక మొదటి మాట వెళ్లేలోగా ఒక్క క్షణం గడిచేది. ముసలి మిషను ఆ క్షణంలో నిద్రలేచి చెవులు రిక్కించేది. గుంజ దారి తిన్నగా వెయ్యడంతో కంప్యూటర్ తీగ తెరవగానే గడగడా చెప్పుకుపోతోంది. మిషను కళ్లు నులుముకునేసరికి బొమ్మలో మొదటి భాగం వెళ్లిపోతోంది. సింహం కుట్టడం తలతో మొదలవుతుంది.

మొగుడు భోజనానికి వచ్చి అంతా విన్నాడు.

"అమ్మ కంప్యూటర్లో పాతదే ఉంచెయ్. ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"తప్పు మిషనుది గుంజా! పిలిస్తే వెంటనే పలకని మిషను కోసం లోకమంతా ఆగాలా?"

"మిషను నాకన్నా ముందునుంచీ ఉంది. అది పలికే తీరు ఎరిగి అత్తయ్య పని చేసుకుంటున్నారు. మధ్యలో వచ్చి దారి మార్చింది నేను. మన ముందుగదిలో ఒకటుందంటే ఇలాంటివి ఇంకెన్ని గదుల్లో ఉన్నాయో! వాళ్లందరికీ కోడళ్లు ఉండరుగా."

"రెండేళ్ల పని పోతుందే."

"పోనివ్వను" అంది గుంజ, ఇంకో ముద్ద కలుపుతూ. "దాచనూ దాచను."

ఫిర్యాదు రాయడానికి కూర్చుంది. తన మార్పు మీద తానే ఫిర్యాదు చెయ్యాలి, ఫిర్యాదీ అత్తగారు. అత్తగారికి ఇది నచ్చలేదు.

"నా మిషనుకు జబ్బుందని ఊరంతా చాటుతావా?"

"మీ మిషనుకు కాదత్తయ్యా, నా పనికి జబ్బని రాస్తున్నా."

"అయితే పెద్ద అక్షరాలతో రాయి."

పెద్దక్క జవాబు వెంటనే వచ్చింది. ఆవిడ మాటల్ని తూకం వేసి వాడుతుంది.

"ఎవరి యంత్రం?"

"మా అత్తగారిది."

"నిన్న నడిచిందా?"

"నడిచింది."

"ఇవాళ నీ వల్ల ఆగిందా?"

"ఆగింది."

"అయితే చర్చ లేదు. ఆదివారంలోపు ఆవిడ పని సాగాలి. సాగకపోతే నీ పని మొత్తం వెనక్కి తీసేస్తాను."

మామగారు భుజం మీదుగా అది చదివి, "అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అన్నట్టుందే!" అన్నారు.

"కొట్టింది నేనే మామయ్యా. అతకడం కూడా నాకు వచ్చు."

అతకడమంటే మాటలా! పూర్వం బద్ధకం వల్ల దానంతటది వచ్చిన ఆలస్యాన్ని ఇప్పుడు ఒళ్లు వంచి కట్టాలి. తిన్నని దారి తిన్నగానే ఉండాలి, తీగ తెరిచిన మొదటిసారి మాత్రం ఒక్క క్షణం ఆగాలి. శనివారమంతా గుంజ రాస్తుంటే అత్తగారు కుట్టింది. ఆ మిషను ఉన్న పరీక్షాశాల లోకంలో అదొక్కటే మరి! క్షణం కురచైనప్పుడు జూలు వచ్చింది గాని మొహం రాలేదు. కాస్త పెంచితే మొహం వచ్చింది, చెవులు రాలేదు.

"చెవుల్లేకపోతే ఏం? సింహానికి చెవులెవరు చూస్తారు?" అన్నారు మామగారు గడప అవతల నుంచి.

"చెవులుండీ వినని సింహాన్ని నేను రోజూ చూస్తున్నా. నాకు చెవులు కావాలి" అంది అత్తగారు.

ఇంకాస్త పెంచింది గుంజ. అత్తగారు గుడ్డని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. చెవులు నిక్కబొడుచుకుని గర్జిస్తోంది సింహం. వరసగా ఇంకొన్ని కుట్టి చూసి, ఆఖరిదాన్ని గుంజ చేతిలో పెట్టింది. "ఇది నీకు. ఉంచుకో."

మార్పు పంపే ముందు ఒక ఆచారం ఉంది. తప్పు చెప్పినవాళ్ల పేరూ, పరీక్షించినవాళ్ల పేరూ ఆ మార్పు కింద రాస్తారు. అవి కెర్నెల్ ఉన్నంతకాలం చరిత్రలో ఉంటాయి. రెండుచోట్లా అత్తగారి పేరు పడింది.

"గారు పెట్టావా?"

"అక్కడ గారు పెట్టరత్తయ్యా. పెద్దక్కకే ఉండదు."

"ఆవిడ కుట్టిందా సింహాల్ని?"

గుంజ గారు పెట్టింది.

ఆదివారం పెద్దక్క ఆ మార్పుని చూసింది. రెండేళ్ల పనీ నిలిచింది, గుమ్మమూ కదల్లేదు. కొత్త కెర్నెల్ విడుదలైంది. కాసేపటికి ఇంకో జవాబు వచ్చింది. "ఆ భాగం ఇక నీది. ఆ 'గారు' అంటే ఏమిటి?"

"పరీక్ష గట్టిదని అర్థం" అని రాసింది గుంజ.

సోమవారం డ్రిల్లు మాస్టారు వచ్చారు. బ్యాడ్జీల కట్ట విప్పి చూసుకుంటుంటే మామగారు కుర్చీ దగ్గరికి లాక్కుని కథంతా చెప్పేశారు. ఆయన చెప్పడంలో సింహాలు వందలయ్యాయి, పెద్దక్క అత్తగారితో మాట్లాడాలని బతిమాలింది, భూమ్మీద ఏ కంప్యూటర్ పని మొదలుపెట్టాలన్నా తన భార్య పేరు తలచుకుని ఒక్క క్షణం ఆగుతోంది. మాస్టారు నోరు తెరిచి విన్నారు. వెనకాల అత్తగారు కంప్యూటర్ మీట నొక్కింది. మిషను ఒక్క క్షణం ఆగింది, ఆ తర్వాత టకటకమంటూ అందుకుంది.

అప్పుడే గుంజ టీ తీసుకుని వచ్చింది.

"ఏమ్మా, మీ మామగారు చెప్పేది నిజమేనా?"

గుంజ టీ గ్లాసు ఆయన చేతికిచ్చింది. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

"అలాంటిదేం జరగలేదండీ. కెర్నెల్ ఎవరి కోసమూ ఆగదు. మా అత్తగారి మిషను ఏనాడూ మొరాయించలేదు. సింహానికి తల లేకపోవడమేమిటండీ, విడ్డూరం కాకపోతే!"