అరవై నాలుగు పుటల పుస్తకం

తిరుపతి నుంచి పలమనేరు వెళ్ళే బస్సులో నా ఒడిలో రెండు పుస్తకాలున్నాయి. రెండూ రేడియేషన్ నుంచి రక్షణ గురించి సామాన్యుల కోసం రాసినవే. వాటిలో ఒకదాన్ని మా ఊరి గ్రంథాలయానికి ఎంపిక చేయవలసిన బాధ్యత నాది. 412 పుటలు, 38 పట్టికలు ఉన్నదాన్ని దాదాపు ఖాయం చేసుకున్నాను. 64 పుటల రెండోదానిలో బొమ్మలే ఎక్కువ.

పక్క సీటులో ఒక ఆసుపత్రి ఆయమ్మ కూర్చుని ఉంది. అట్టమీది ఎక్స్‌రే బొమ్మను చూసి అడిగింది.

"సామీ, బిడ్డల్ని పట్టుకునేదాని గురించి దీంట్లో ఉండాదా? ఎక్స్‌రే గదిలో బిడ్డ కదిలితే ఎనిమిదేండ్లుగా నన్నే పిలస్తారు. తల్లిని బయట నిలబెడతారు. నాకేమన్నా అయితాదేమోనని భయం."

పెద్ద పుస్తకం సూచిక అంతా వెదికాను, దొరకలేదు. చిన్నదానిలో 41వ పుటలో, కిరణాలను ఆపే సీసపు ఆప్రాన్ తొడుక్కుని బిడ్డను పట్టుకున్న తల్లి బొమ్మ కనిపించింది. ఈ పనికి ప్రతిసారీ ఒకే ఉద్యోగిని నిలబెట్టకూడదని దాని కింద ఉంది. పైకి చదివి వినిపించాను.

"ఇంగొకసారి సదవండి సామీ."

చదివాను.

"నేను అడిగితే, నువ్వేమన్నా డాక్టరమ్మవా అంటాడు మా ఎక్స్‌రే ఆయన. ఇప్పుడు అననీ, సూస్తా" అని నవ్వింది.

చిత్తూరులో ఆమె దిగబోతుంటే ఆ పుస్తకం చేతికిచ్చాను.

"ఆ బొమ్మ మల్లా నాకు యాడ దొరకతాది? ఆ కాయితం మడిచియ్యండి."

పుట మడిచినవారిని నేను ఎన్నడూ క్షమించలేదు. ఆ రోజు నా చేత్తోనే మడిచాను.

గ్రంథాలయానికి అదే పుస్తకం రెండు ప్రతులు తెప్పించాను. రెండింటిలోనూ 41వ పుట మూల మడిచి ఉంచాను.