ఫుజినో కోసిన హస్సాకు చెట్టు

ఆ దీవిలో ఎవరి చెట్టుకు తెగులొస్తే వాళ్లే దాన్ని కోసేవారు. పొరుగువాళ్లు వచ్చి అడిగేదాకా ఆగడం తలవంపు. భర్త పోయాక కొండవాలున మెట్లు మెట్లుగా ఉన్న తోటను ఒంటిచేత్తో సాకిన ఫుజినో, ఏనాడూ ఆ మర్యాద తప్పలేదు. బెరడు ఒలిస్తే కట్టె మీద తెగులు గుంటలు కనబడ్డ హస్సాకు నారింజ చెట్లన్నిటినీ తనే కోసి తగలబెట్టింది. చివరికి పైమెట్టు మీద ముసలి చెట్టు ఒక్కటే మిగిలింది. కాపురానికొచ్చిన ఏడు అత్తగారూ తనూ కలిసి నాటినది. చుట్టూ తోటలన్నీ గిడసబారినా, గుప్పిట పట్టనంత కాయ కాసేది అదొక్కటే.

మార్చి చివర్లో ఒక పొద్దున పక్క తోట మోరిషిగె వచ్చి, పరిశోధన కేంద్రం పరీక్షలో ఆ చెట్టుకూ తెగులు వైరస్ ఉన్నట్టు తేలిందని చెప్పాడు. ఫుజినో మారుమాట లేకుండా రంపం తీసుకుని పైకెక్కింది. అతను వెంటపడ్డాడు.

"ఆగు అవ్వా! ఆ కేంద్రం నుంచి సెన్‌బా గారు ఈ పడవకే వస్తున్నారు. ఆయన చూశాక కొయ్యొచ్చుగా."

"వైరస్ ఉందన్నారా, లేదా?"

"ఉందన్నారు. ఇంకేదో కూడా అన్నారు, నాకు సరిగా అర్థం కాలేదు."

"చిగురు రాగానే పేనుబంక పడుతుంది. ఆ పురుగు వైరస్‌ని మోసుకుని ఇక్కణ్ణుంచి నీ తోటకి ఎగిరేదాకా టీ తాగుతూ కూర్చోమంటావా? మీ ఆవిడకి మొహమెలా చూపించను?"

"మా ఆవిడ నీ మొహం చూసి ఎన్నాళ్లయిందో! ఎప్పుడూ చెట్టులోనేగా నీ తల."

ఆమె నవ్వకుండా మొదలుకు రంపం పెట్టింది. రంపం సగం దాటింది. రేవులో పడవ కూత వినబడింది. చేయి ఇంకా వడిగా ఆడించింది, ఎవరైనా వచ్చి ఆపితే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం తనకుండదని.

పరిశోధన కేంద్రం సెన్‌బా రాతిమెట్లు ఎగబాకుతూ అరిచాడు. "ఆపండి! కోయకండి!"

మొదలు ఫెళ్లుమంది. చెట్టు సముద్రం వైపు ఒరిగి, కింది మెట్టు మీద కూలింది.

సెన్‌బాకు ఊపిరందడం లేదు. "దీన్లో ఉన్నది మెతక రకమండీ. పేరుకి ఒకటే వైరస్ గానీ, అందులో ఎన్నో రకాలు. తోటల్ని తినేసేది మొండి రకం. మెతకది ముందే చెట్టంతా నిండి ఉంటే మొండిదానికి చోటు దొరకదు. ఇన్నాళ్లూ ఈ చెట్టుని కాపాడింది అదే."

ఫుజినో రంపం పక్కన చతికిలబడింది.

"అయితే ఆ మెతకదీ పోయినట్టేనా?"

"కొమ్మలు వాడకముందే మొగ్గలు తీసి అంటు కడితే, వాటితోపాటే మెతక రకమూ కొత్త మొక్కలోకి పోతుంది. ఎండ తగలనివ్వకండి."

ఆమె తలగుడ్డ విప్పి, చింపి, పక్కనున్న నీళ్ల పీపాలో ముంచింది. ముగ్గురూ కింది మెట్టుకు దిగి, కొమ్మలు కోసి తడిగుడ్డల్లో చుట్టారు. మొదటి కట్టను ఆమె మోరిషిగె ముందుకు చాపింది. అతను వెంటనే అందుకోలేదు.

"జబ్బుందని తెలిసీ నాకిస్తున్నావా అవ్వా?"

"తెలిసే ఇస్తున్నాను."

అతను రెండు చేతులూ చాచాడు.