బావర్చీ లేని జహాజ్

ఆ అంతరిక్ష నౌక సీరియల్ మళ్లీ వస్తుందా, రాదా అని ఎవరైనా వాదించుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. వస్తుంది నాయనా, ఎందుకు రాదు? కొత్త కెప్టెన్ వస్తాడు, కొత్త రంగులు వస్తాయి. దాన్ని తీసిన దేశంలో ఒకసారి ఆపేస్తే జనం గోల చేసి మళ్లీ తెప్పించుకున్నారని అప్పట్లోనే చెప్పుకునేవారు. మేము చూసింది మాత్రం రాదు. వచ్చిందని ఒకసారి నమ్మి, తలస్నానం చేసి మరీ టీవీ ముందు కూర్చున్నదాన్ని. అందుకే ఇంత కోపం.

ఎనభైల్లో మేము అఫ్జల్‌గంజ్ వెనక ఒక సందులో అద్దెకుండేవాళ్లం. బాపు బస్సు డిపోలో మెకానిక్. ఇంటి యజమానికి బేగంబజార్‌లో గిన్నెల దుకాణం. పైన వాళ్లు, కింద మేము. సందు మొత్తానికి టీవీ వాళ్లింట్లోనే ఉండేది, జరిపే తలుపులున్న చెక్కపెట్టెలో. యజమాని తల్లిని అందరం దాదీమా అనేవాళ్లం. ఆమెకు చూపు పోయి చాలా ఏళ్లయింది. నరం ఎండిపోయింది, ఆపరేషన్‌తో లాభం లేదని డాక్టర్లు చేతులెత్తేశారు. అయినా టీవీ ముందు మొదటి చోటు ఆమెదే. "కండ్లు లేకుంటె ఏమాయె, చెవులు మస్తుగున్నయ్" అనేది.

సీరియల్ ఆదివారం పొద్దున వచ్చేది. మేము తొలి ఆరాధనకే చర్చికి పోయేవాళ్లం. పాస్టరు గారి ప్రసంగం కాస్త సాగిందంటే అక్క బెంచీ కింద కాళ్లు ఊపడం మొదలుపెట్టేది, అమ్మ తొడ గిల్లేది. ఆమీన్ అనగానే ఇంటికి పరుగు. ఆ సీరియల్‌లో మాటలన్నీ ఇంగ్లీషు. మా సందులో ఇంగ్లీషు వచ్చింది అక్కకొక్కదానికే. ఆమె మిషన్ బళ్లో చదివింది, నన్ను మాత్రం సర్కారు బళ్లో వేశారు. ఆ కడుపుమంట నాకు ఇప్పటికీ తీరలేదు.

అక్క దాదీమా పక్కన చేరి, ఆ ముసలి చేతిని తన ఒళ్లో పెట్టుకుని, బొమ్మ కదిలినప్పుడల్లా కథ చెప్పేది. మిగతా వాళ్లం బొమ్మ చూస్తూ అక్క మాటలు వినేవాళ్లం. ఆ నౌక దారి తప్పింది. ఇంటికి పోయే తోవ అడగడానికి వారానికొక గ్రహం దగ్గర ఆగుతుంది. అక్కడివాళ్లు ఒక్కరూ సరిగ్గా చెప్పరు. అందులో ఒక బావర్చీ ఉన్నాడు. దాదీమాకు కెప్టెన్ కంటే వాడంటేనే ఇష్టం.

"మన బావర్చీ ఏం జేస్తుండు బేటీ?" అని ఉండబట్టలేక అడిగేది.

"కొత్తిమీర వాడిపోయిందట దాదీమా. కప్తాన్ సాబ్ మీద గుస్స జేస్తుండు. నీకు లడాయిలే గావాలె, నా కూర ఫికర్ నీకెందుకు అంటుండు."

వాడు ఒక చింతపండు ముద్దను ఎవరికీ తెలియకుండా దాచిపెట్టాడు. ఇల్లు చేరిన రోజు బగారా బైంగన్ వండడానికి. వాడు తెర మీద ఒక్కసారీ కనిపించలేదు. మాకెవ్వరికీ అనుమానం రాలేదు. వంటవాడు వంటింట్లో ఉంటాడు, వాణ్ణి ఎవరు చూపిస్తారు? బస్సెక్కేవాళ్లు మా బాపును ఎప్పుడైనా చూశారా?

చివర్లో పాట వస్తుండగా దాదీమా తప్పకుండా అడిగేది, "జహాజ్ ఇంటికి చేరిందా?" అని.

"రస్తల ఉన్నరు దాదీమా. వస్తున్నరు" అనేది అక్క.

ఒక ఆదివారం సీరియల్ రాలేదు. దాని చోట ఎవరో వీణ వాయించారు. తర్వాతి వారమూ అంతే. అయిపోయిందని గానీ, మళ్లీ వేస్తామని గానీ ఎవరూ చెప్పలేదు. దాదీమా తిండి కూడా సరిగ్గా తినలేదు. "ఫికర్ జేయకు దాదీమా, మల్ల వస్తది" అని అక్క ధైర్యం చెప్పింది.

ఆ వానాకాలమే అక్కకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందు పోయించాం, ఉప్పూ నూనే లేని అన్నం పెట్టాం, చెరుకురసం తాగించాం. చివరికి పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. నేను మంచం పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక, "అక్కా, వాళ్లు ఆఖరికి ఇల్లు చేరుతరా?" అని అడిగాను. పచ్చబడ్డ కళ్లతో నవ్వింది. "నీకేం తొందరే? చేరితే ఖతమే గద" అంది.

అక్క ఆ వానాకాలం దాటలేదు. ఇరవై కూడా నిండలేదు. అమ్మ మళ్లీ మేడమెట్లు ఎక్కలేదు. నేను దేవుడితో మాట్లాడటం మానేశాను. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే నేను తెరిచే ఉంచేదాన్ని.

నాకు ఒక్కటే మిగిలింది. ఆ సీరియల్ మళ్లీ రావాలి. అది వస్తే బావర్చీ వస్తాడు, అక్క చెప్పినవన్నీ వస్తాయి, ఆమె గొంతు ఎంతో కొంత అందులో ఉంటుంది. అలా ఎందుకు నమ్మానో అడగకండి, ఆ రోజుల్లో ఏది దొరికితే అది పట్టుకున్నాను. టీవీ కేంద్రానికి కార్డుల మీద కార్డులు రాశాను, ఒక్క జవాబూ రాలేదు. అది వచ్చేనాటికి దాదీమాకు నేనే చెప్పాలని పంతం పట్టి ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఇంటర్లో ఇంగ్లీషు మీడియంలో చేరి, అందరితో నవ్వించుకుని, ఏడ్చి, నేర్చుకున్నాను.

నేను డిగ్రీలో ఉండగా అది నిజంగానే వచ్చింది. అదే పాట, అదే నౌక. దాదీమా పక్కన కూర్చుని ఆమె చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. నాకు ప్రతి మాటా అర్థమైంది. నా ఖర్మ అదే.

వాళ్లు దారి తప్పలేదు. ఇంటి దారి వాళ్లకు బాగా తెలుసు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగిపోవచ్చు. పై అధికారులు పంపితే డ్యూటీ మీద తిరుగుతున్నారు, అంతే. ఎవరికో ఆకలేసింది. గోడకున్న బొత్తాం నొక్కాడు, గోడలోంచి పళ్లెం వచ్చింది. ఆ నౌకలో వంటిల్లే లేదు. బావర్చీ, కొత్తిమీర, చింతపండు, ఇంటి దారి, అన్నీ అక్క అల్లినవే. ఇన్నేళ్లూ నేను అక్క కోసం ఎదురుచూసిన చోట అక్క ఎప్పుడూ లేదు.

"బావర్చీ ఏం జేస్తుండు బేటీ?" దాదీమా అడిగింది.

"దీంట్ల బావర్చీ లేడు దాదీమా."

ఆమె కాసేపు చెవులు రిక్కించి విన్నది. "అయితే ఇది అది కాదు. వేరేది ఏసిన్రు. అదే ఎయ్యమని చెప్పు ఆళ్లకు" అంది.

ఎవరికి చెప్పను? ఏ ఆఫీసుకు కార్డు రాయను?

మరుసటి ఆదివారం నేనే బావర్చీని తెచ్చిపెడదామనుకుని మేడెక్కాను. తెర మీద ఎవరో దేని గురించో కొట్టుకుంటున్నారు. "బావర్చీ ఉల్లిగడ్డలు కోస్తుండు దాదీమా" అన్నాను.

"ఆడు ఉల్లిగడ్డ ముట్టడు. కండ్ల నీళ్లొస్తయని కప్తాన్‌తోని కోయిస్తడు."

నాకది గుర్తే లేదు. ఏదో ఒకటి అనాలని పప్పు వండుతున్నాడన్నాను. మామిడికాయ ఏశిండా అని అడిగింది. ఏశిండన్నాను. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. అవే మాటలు అక్క చెబితే ఆ గదిలో ఉడుకుతున్న కూర వాసన వచ్చేది. నా నోట్లో అవి వట్టి మాటల్లా రాలిపోతున్నాయి. ఇంగ్లీషు నేర్చుకున్నాను గానీ అక్కను నేర్చుకోలేదు. నాకు ఏడుపూ, దాని వెంటే పిచ్చి కోపమూ వచ్చాయి.

సీరియల్ ఇంకా సగం ఉండగానే దాదీమా అడిగింది. "జహాజ్ ఇంటికి చేరిందా?"

రస్తల ఉన్నరు అంటే సరిపోయేది. కానీ వచ్చే వారం మళ్లీ రావాలి, మళ్లీ ఆ చెయ్యి పట్టుకోవాలి, మళ్లీ అక్క లేదని ఇద్దరం తెలుసుకోవాలి. నా వల్ల కాలేదు.

"చేరింది దాదీమా. అందరు ఇండ్లకు చేరిన్రు" అన్నాను.

ఆమె నా ఒళ్లోంచి చెయ్యి మెల్లగా తీసుకుంది.

"మీ అక్కుంటె చేరనియ్యకపోతుండె" అంది. "టీవీ బంద్ జెయ్ బేటీ."

లేచి బంద్ చేసి, చెక్క తలుపులు రెండూ జరిపి మూసేశాను. కిందికి వస్తే అమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, "గింత జల్ది వచ్చినవేంది, అయిపోయిందా?" అని అడిగింది.

"అయిపోయిందమ్మా" అన్నాను.