బండి ఊగడం లేదు

గజపతినగరం దాటి రాయగడ వైపు పోయే రోడ్డు మీద, ఎడమచేతి పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. గోడకి చేరేసిన పాత కమాను కట్టలే, బండి బరువు మోసే ఆ ఉక్కు పట్టీల దొంతరలే, బోర్డు. అది కూర్మయ్యది. లారీలకీ, వ్యాన్లకీ, ట్రాక్టరు తొట్లకీ కింద పడుకుని చేసే పని ఏదైనా ఆ చుట్టుపక్కల అతనిదే. యాభై రెండేళ్ల వయసు. అందులో ముప్పై అయిదేళ్లు బళ్ల అడుగు భాగం చూస్తూ గడిచిపోయాయి.

అతనికి నోటి దురుసు అంటారు గానీ, నిజానికి దురుసు కాదు. పని కుదిరితే కుదిరిందంటాడు, లేకపోతే లేదంటాడు. ఒకసారి ఒక లారీ యజమాని సరుకు వాళ్ల ముందు పరువు కోసం "బండి బాగుంది కదా?" అని అడిగితే, "బాగునేదు. ఆ అతుకుతో సాలూరు ఘాటీ ఎక్కదు" అన్నాడట. సరుకు వాళ్లు వేరే లారీ మాట్లాడుకుని వెళ్లిపోయారు. దారిలో బండి చెడి ఆ షెడ్డు దగ్గర ఆగిన నాకు అతని భార్య నీలవేణి టీ ఇస్తూ, "ఈ మనిసికి అబద్దమాడ్డం వచ్చుంటే ఈపాటికి మేడ కట్టేవోళ్లం బాబూ" అంది. కూర్మయ్య నవ్వలేదు. ఆ మాటకి ఒకప్పుడు నవ్వేవాడట.

ఎందుకు మానేశాడో ఆ సాయంత్రం చెప్పాడు.

జగన్నాధం అని కూరగాయలు తోలే పికప్పు బండి మనిషి. ఊళ్లలో సరుకు ఎత్తి విజయనగరం మార్కెట్టులో దించేవాడు. అతని భార్య దాలమ్మ కూర్మయ్య పుట్టిన ఊరి ఆడపడుచు. అందుకని కూర్మయ్యకి ఆమె అక్క వరస, అప్ప అంటాడు; జగన్నాధం బావ. దాలమ్మకి రెండు కిడ్నీలూ పోయాయి. మంగళ, గురు, శనివారాలు విజయనగరం వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. తిరుగు ప్రయాణంలో కూర్చునే ఓపిక ఉండదు కాబట్టి బండి వెనక తొట్టిలో పరుపు వేసి పడుకోబెట్టి తెచ్చేవాడు జగన్నాధం.

అంత ఎత్తు ఎక్కలేనంది దాలమ్మ. జగన్నాధం కూర్మయ్య చేత కమాను కట్టల్లోంచి రెండేసి పట్టీలు తీయించి బండిని కిందికి దింపించాడు.

"ఇంక లోడు మొయ్యదు బావా" అన్నాడు కూర్మయ్య.

"నా లోడు నలభై మూడు కేజీలే లేరా" అన్నాడు జగన్నాధం. వెళ్లేటప్పుడు నలభై మూడు, నీరు తీశాక వచ్చేటప్పుడు నలభై ఒకటి. ఆస్పత్రి తూకం అతనికి నోటికి వచ్చు.

దుమ్ము అంది, టార్పాలిను కట్టించాడు. కేబేజీ కంపు అంది, కూరగాయల వ్యాపారమే మానేసి, కూలికి పక్కవాళ్ల ట్రాక్టరు తోలాడు. ఆఖరికి, మలుపుల్లో బండి పడవలా ఊగుతోంది, కడుపులో తిప్పుతోంది, ఇంక వెళ్లను అంది.

పట్టీలు తీసిన బండి ఊగుతుంది, అది నిజమే. పాత కారు ఒకటి విప్పిన చోట స్టెబిలైజర్ రాడ్డు సంపాదించాడు కూర్మయ్య. వెనక ఇరుసుకి అడ్డంగా బిగించే వంకర కడ్డీ అది. మలుపులో ఒక పక్క ఒరిగితే రెండో పక్కని పట్టి లాగుతుంది. రెండు కొసలా మర తిరిగే లింకులుంటాయి. కిందికి దింపిన బండిలో ఇరుసు పైకి వస్తుంది కాబట్టి ఆ లింకులు కురచ చేయాలి. రెండూ సరిసమానంగా కుదరాలి. బండిని జాకీ మీద ఎత్తి బిగిస్తే దించగానే రాడ్డు మెలిపడుతుంది. నేల మీద ఉంచి, మోసే బరువు మోయిస్తూ బిగించాలి. అప్పుడు ఆఖరి బోల్టు వేలితో నెడితే జారి కూర్చోవాలి. సుత్తి కావలసి వచ్చిందంటే తప్పినట్టే.

నలభై మూడు కేజీల ఇసుక మూటలు వేసి ఒకసారి బిగించాడు. ఊగుతోందనే అంది దాలమ్మ.

"ఇసక కదలదు, మనిసి కదుల్తాది. అప్పనే తీసుకురా" అన్నాడు కూర్మయ్య.

సోమవారం పొద్దున్న తెచ్చాడు జగన్నాధం. ఆమె తొట్టిలో పడుకుంది, కూర్మయ్య కింద పడుకున్నాడు. రబ్బరు బుష్షు ఒకటి అరిగిందని జగన్నాధాన్ని గజపతినగరం పంపాడు. ఇద్దరి మధ్యా ఒక రేకూ, నాలుగు చెక్కలూ.

"ఒరే కూర్మీ, కిందే ఉన్నావేటి?"

"ఉన్నానప్పా. కదలకు."

"కదిలే ఓపికుంటే నీ కొంపకెందుకొస్తాను? ఎంతసేపు పడతాది?"

"బోల్టు కుదిరితే అయిపోయినట్టే."

"కుదరనేదని సెప్పు."

కూర్మయ్య చేతిలో స్పానరు ఆగింది.

"మీ బావకి సెప్పు, ఇంక ఇది బాగవదని. ఇసక మూటలేసిన్నాడే ఊగడం ఆగిపోయిందిరా. ఊగినా నాకేటి? ఎడ్లబండి మీద పెరిగినదాన్ని."

"మరెందుకలగ సెప్పినావప్పా?"

"ఏటో ఒకటి సెప్పాల కదా. ఈ సూదులు నానొల్లను, నన్నొగ్గేయ్ అని ఓసారి అన్నాను. రెండ్రోజులు అన్నం ముట్టనేదు ఆ మనిసి. అందుకే బండి మీద పెట్టినాను. ఏదంటే అది బాగుసేసేత్తన్నాడు. ఇంక నా దగ్గిర వంకల్నేవురా."

తొట్టి పక్కనుంచి ఆమె ఎడమ చెయ్యి కిందికి వేలాడింది. సూదులు గుచ్చే చోట నరం ఉబ్బి తాడులా మెలికలు తిరిగి ఉంది. ఆ చెయ్యి చూస్తూనే కూర్మయ్య బోల్టుని వేలితో నెట్టాడు. అది నీళ్లలో దిగినట్టు దిగింది. అంత బాగా కుదిరిన పని ఆ ఏడాదిలో మరొకటి లేదన్నాడు నాతో.

జగన్నాధం వచ్చాడు. తెచ్చిన బుష్షు వేసి, అన్నీ బిగించి, చేతులు తుడుచుకుని, "నా వల్ల కానేదు బావా. ఈ బండికింతే" అన్నాడు కూర్మయ్య.

ఆ మాట నమ్మితే సరిపోయేది. మర్నాడు ఆస్పత్రి అయ్యాక జగన్నాధం విజయనగరంలోనే ఇంకో మెకానిక్కుకి చూపించాడు. అతను కిందికి దూరి చూసి, బండి నడిపి చూసి, ఎవరు చేశారో గానీ వేలెత్తి చూపడానికి లేదన్నాడు. జగన్నాధం సరాసరి షెడ్డుకి వచ్చాడు.

"ఆడు బాగుందంటన్నాడు, నువ్వు కాదంటన్నావు. ఎవుడిది నిజిమో సెప్పు. ఇంకేటి మార్చాలో సెప్పు, మార్పిద్దుం."

ఇక్కడ ఇంకొక చిన్న అబద్ధం చాలు. బుష్షులు మార్చాలనో, కట్టలు పాతవనో అనొచ్చు. తన పని కుదరలేదని కూర్మయ్య రెండోసారి అనలేకపోయాడు.

"పని బాగానే ఉన్నాది బావా. తేడా బండిది కాదు. అప్ప ఒల్లనంటంది."

జగన్నాధం టార్పాలిను ఎత్తాడు. దాలమ్మ మేలుకునే ఉంది. మొగుడి వైపు చూడలేదు, కూర్మయ్య వైపు చూసింది.

"సెప్పేసినావా?"

"సెప్పేసినానప్పా."

గురువారం ఆరింటికి ఆ బండి షెడ్డు ముందునుంచి పోవాలి. పోలేదు. శనివారమూ పోలేదు. ఆ పై బుధవారం కబురొచ్చింది.

రామతీర్థం కొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులుండేవారు. వాళ్ల ఇటుకల మధ్య కూర్చుని, పుట్టినదంతా పోయేదేనన్న సంగతి నేను చాలాసార్లు చదువుకున్నాను. కూర్మయ్య ఇదంతా చెప్పిన రోజు అక్కణ్ణుంచే వస్తున్నాను కూడా. ఆ మాట కూర్మయ్యకి చెప్పబోయి ఊరుకున్నాను. పోవడం గురించి కాదు అతను బాధపడుతున్నది.

దాలమ్మ పెద్ద దినం భోజనానికి కూర్మయ్య వెళ్లాడు. జగన్నాధం తనే ఆకు వేసి, తనే వడ్డించి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ అబద్దం మీదే ఉండుంటే బాగుణ్ణురా" అన్నాడు.

"అప్ప బాధ పడతందని..."

"నాకు తెల్దేటి? సూదులు గుచ్చినప్పుడల్లా పక్కనున్నది నానే కదా. బండి ఊగట్నేదనీ తెలుసు. తోలేవోణ్ణి నానే. రిపేరున్నన్నాళ్లూ అది వంకలెతుకుతాది, నాను షెడ్లెతుకుతాను. ఆ నెపాన ఇంకో నాలుగు వారాలు నాతో వచ్చీది."

ఆ రోజు ఆకు ముందునుంచి మధ్యలో లేవకూడదు కాబట్టి, పెట్టినదంతా కూర్మయ్య తిన్నాడు. జగన్నాధం మారు వడ్డిస్తే అదీ తిన్నాడు.

ఇప్పుడు ఎవరైనా షెడ్డు ముందు నిలబడి "అయిందా?" అని అడిగితే అతను వెంటనే చెప్పడు. ముందు అడిగినవాడి మొహం చూడాలన్నట్టు బండి కిందనుంచి మెల్లగా బయటికి పాకుతాడు.