ఏమిటి గట్టు

ఏడేళ్ళ కిందట, వానాకాలం మొదలైన వారంలో, జంషెడ్‌పూర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో నన్ను నిర్వహణ విభాగానికి బాధ్యుణ్ణి చేశారు. ఆ కుర్చీలో కూర్చున్న మూడో నెలలో నా చేతి మీదుగా ఒక పొరపాటు జరిగింది. దాన్ని నెలవారీ నివేదికలో రాయలేదు. రాయకపోవడంతో ఆగలేదు, ఆనవాళ్ళు కూడా నేనే తుడిచేశాను. నిరుడు, యాభై రెండో ఏట స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకున్నాను. అప్పుడు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను.

మా సంస్థ వికీలకు చోటు ఇచ్చేది. వికీ అంటే సభ్యులెవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల పేజీల సముదాయం. బడులు, క్లబ్బులు, కుల సంఘాలు, పాటల బృందాలు మా దగ్గర పేజీలు పెట్టుకునేవి. ఎవరు ఏ పేజీలో ఏ అక్షరం మార్చినా, పేరుతో, వేళతో సహా ఆ పేజీ ‘చరిత్ర’లో నమోదవుతుంది. వికీ మీద నమ్మకమంతా ఆ చరిత్ర మీదే నిలబడుతుంది. దానిలోంచి ఒక మార్పును దాచే అధికారం మా విభాగంలో ఇద్దరికే ఉండేది. బూతులు, ఎవరివైనా ఫోన్ నంబర్లు బయటపడినప్పుడు తప్ప దాన్ని వాడకూడదని నియమం.

సభ్యుల నుంచి వచ్చే విన్నపాలను మేము టికెట్లు అంటాం. అవి రెండు వరుసల్లో చేరేవి. పనిచేస్తున్నది చెడితే ‘లోపం’, లేనిది కావాలంటే ‘కోరిక’. లోపాన్ని అదే రోజు ఇంజనీరు చూడాలి. కోరికకు మిగతా సభ్యులు ఓట్లు వేస్తారు, ఓట్లు పెరిగితే బాధ్యుడు ఆమోదిస్తాడు. ఏ టికెట్టు మూసినా, కారణం ఒక పట్టిక నుంచి ఎంచుకోవాలి.

మా దగ్గరున్న వాటిలో జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళ వికీ ఒకటి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల మాటలు, వంటలు, పద్ధతులు అందులో ఉండేవి. వాటిలో సగానికి పైగా ఒక్క మనిషి రాసినవే. ఆయన గౌరునాయుడు గారు, రిటైరైన క్రేన్ ఆపరేటరు. బాగ్‌బేరాలో కొడుకు దగ్గర ఉండేవారు. ఎలా మాట్లాడేవారో అలాగే రాసేవారు.

ఆ వికీ నుంచి ఒక కోరిక వచ్చింది. ‘ఏమిటి’ అని వెతికితే ‘ఏటి’ అని రాసి ఉన్న పేజీలు దొరకడం లేదు, ఏదైనా చేయండి అని. ఓట్లు బాగానే పడ్డాయి. సరైన దారి ఏమిటంటే, రెండు రూపాలూ ఒకటేనని వెతికే యంత్రానికి నేర్పడం. అది రెండు వారాల పని. పేజీల్లోని మాటలనే మార్చేయడం అడ్డదారి, ఒక్క పూట పని. నేను అడ్డదారి పట్టాను. మార్చాల్సిన మాటల పట్టిక నేనే రాశాను. అందులో మొదటి మాట ‘ఏటి’.

అది మొదట ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. జుగ్సలాయిలో, గోదాముల వెనక సందులో మా ఇల్లు. ఇంట్లో అందరిదీ ‘ఏటి’యే. బడిలో ఆ మాటకి నన్ను బెంచీ ఎక్కించారు. అప్పటినుంచి అది నాకు తప్పుగానే కనిపించేది. అదే మాటకి ఇంకో అర్థం ఉందనీ తెలుసు. ఏరు, ఏటి నీళ్ళు, ఏటి గట్టు. మా అమ్మ ఖర్కాయి నదిని ‘ఏరు’ అనే అనేది. తెలిసి కూడా, పట్టిక రాస్తున్నప్పుడు తట్టలేదు.

స్క్రిప్టు, అంటే తనంతట తాను నడిచే ఆ చిన్న ప్రోగ్రాము, సర్వరు మీద భారం పడకుండా రోజుకు కొన్ని పేజీల చొప్పున మార్చుకుంటూ పోవాలి. ఏ వేళ ఖాళీయో చూడటానికి గత రెండు వారాల్లో ఆ వికీకి జరిగిన రాకపోకల గ్రాఫు తీశాను. మధ్యాహ్నం రెండు గంటలకు గీత నేలకు అంటుకుని ఉంది. ఆ వేళే పెట్టాను.

ఆ గంట ఎందుకు ఖాళీ అయిందో తర్వాత తెలిసింది. ఆ వేళకు రాసే మనిషి ఒక్కరే. బి షిఫ్టు మొదలయ్యే వేళకి పనిలోకి ఎక్కడం జీవితమంతా అలవాటైన గౌరునాయుడు గారు, రిటైరయ్యాక కూడా సరిగ్గా రెండింటికి కంప్యూటరు ముందు కూర్చునేవారు. ఆ రెండు వారాల మొదట్లో ఆయన పోయారు. నేను చూసి ఎంచుకున్న ఖాళీ ఆయనదే.

ఇక రెండో తప్పు. స్క్రిప్టులు ‘నిర్వహణ’ అనే ప్రత్యేక ఖాతా పేరు మీదే నడవాలి. ఖాతాలకు యంత్రం లోపల పేర్లు ఉండవు, నంబర్లే. ఆ నెలలోనే కొత్త సర్వరుకి మారాం, నంబర్లన్నీ మారాయి. నేను పాత నంబరు వేశాను. కొత్త సర్వరులో ఆ నంబరు గౌరునాయుడు గారిది. ఏ స్క్రిప్టునైనా మొదటి రోజు ఇంకో మనిషి పరిశీలించాలని నియమం. ఇంత చిన్న పనికి ఎందుకులే అని ఎవరినీ పిలవలేదు.

నాలుగు రోజుల తర్వాత ‘కోరిక’ వరుసలో ఒక టికెట్టు చేరింది. రాసినావిడ గౌరునాయుడు గారి పెద్ద కూతురు నూకరత్నం. సిద్ధగోరాలో ఒక హిందీ బడిలో టీచరు. తండ్రికి టైపు నేర్పింది ఆమే. ఆయన అక్షర దోషాలు దిద్దడానికి, ఆయన ఏ పేజీ ముట్టుకున్నా తనకు మెయిల్ వచ్చేలా పెట్టుకుంది. ఆ మెయిల్‌లో పేజీ లింకు తప్ప ఇంకేమీ ఉండదు, ఏం మారిందో చరిత్ర తెరిచి చూసుకోవాల్సిందే. టికెట్టులో ఇలా ఉంది:

‘మా నాన్నగారు పోయి పదిహేడు రోజులు. నాలుగు రోజులుగా రోజూ రెండు గంటలకి ఆయన పేరు మీద మార్పులు వస్తున్నాయి. ఏమిటి, ఏమిటి అని అడుగుతున్నారు. పోయినవారు అడిగినదానికి జవాబు ఎక్కడ రాయాలో చెప్పే సౌకర్యం కావాలి.’

లోపమని రాసి ఉంటే ఇంజనీరు చూసేవాడు. ఆమె దాన్ని కోరిక అనే అనుకుంది. అందుకే అది నా దగ్గరకు వచ్చింది.

పేజీ చరిత్ర తెరిచాను. వరుసగా ఒకే పేరు, గౌరునాయుడు, గౌరునాయుడు, గౌరునాయుడు. అన్నిటికీ రెండు గంటల వేళే. ‘ఏటి ఇసక’ అన్నచోట ‘ఏమిటి ఇసక’. ‘ఏటి నీరు’ అన్నచోట ‘ఏమిటి నీరు’. చావు పద్ధతుల గురించి ఆయన రాసిన పేజీలో ‘అస్తికలు ఏటి గట్టున కూకొని కలపాల’ అని ఉండేది. అది ‘అస్తికలు ఏమిటి గట్టున కూకొని కలపాల’ అయింది. దానికి జతగా, సభ్యులు మాట్లాడుకోవడానికి ఉండే చర్చా పేజీలో నూకరత్నం ముందు రోజు ఒక వాక్యం రాసింది: ‘ఏటి నాన్నా, నాకు తెల్లేదు.’ మర్నాడు రెండింటికి, తండ్రి పేరు మీద, ఆ వాక్యం ‘ఏమిటి నాన్నా, నాకు తెల్లేదు’ అయి కూర్చుంది.

నా స్క్రిప్టేనని నాకు అప్పటికే అర్థమైంది. అయినా ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివాను.

ఆమె ఆఫీసుకు ఫోను కూడా చేసింది. నేనే ఎత్తాను.

‘‘బాబూ, మీరు తెలుగోలేనేటి?’’ అంది.

‘‘జీ, బోలియే,’’ అన్నాను. తెలుగులో మాట్లాడితే ఇంకా నాలుగు ప్రశ్నలు వస్తాయని భయం. ఆమె హిందీలోకి మారి అడిగింది. ఆదివారం అస్థికలు కలపాలనుకున్నారట. ఇక్కడ రెండు నదులు కలిసే దోముహానిలోనా, నాన్న పుట్టిన నాగావళిలోనా అని ఇంట్లో అప్పటికే మాట నలుగుతోందట. ఇంతలో ఏ గట్టున అని ఆయనే అడిగాడట. ‘‘ఆయనే అడిగాడా కాదా, మీ యంత్రం చెప్పగలదా?’’ అంది.

ఆ క్షణంలో చెప్పాల్సింది ఒక్క వాక్యం. చూసి చెబుతానన్నాను.

సభ్యుడి ఖాతా మీద స్క్రిప్టు నడపడం మా వృత్తిలో చిన్న నేరం కాదు. బాధ్యుడినై మూడు నెలలు కాలేదు, ఉత్తర్వు ఇంకా తాత్కాలికమే. ఆ సాయంత్రం స్క్రిప్టు ఆపాను. మాటలన్నీ వెనక్కి మార్చాను. తర్వాత, నాకున్న అధికారంతో, స్క్రిప్టు ఆయన పేరు మీద చేసిన మార్పులన్నిటినీ చరిత్రలోంచి దాచేశాను. టికెట్టు మూస్తూ పట్టికలోంచి ‘మళ్ళీ చూడగా కనబడలేదు’ అన్న కారణం ఎంచుకున్నాను. అది అబద్ధం కూడా కాదు. కనబడకుండా చేసిందే నేను.

ఆమెకు అనుమానం వస్తుందేమో చూసుకోవడానికి ఆ చర్చా పేజీని నా నిఘా జాబితాలో పెట్టుకున్నాను. అక్కడ ఎవరు ఏం రాసినా నాకు మెయిల్ వచ్చేది.

మర్నాడే వచ్చింది. ‘అడిగినియ్యన్నీ నువ్వే తీసేసుకున్నావేటి నాన్నా? కోపమొచ్చిందా?’

తర్వాత వారం: ‘రాము సూపించమంటన్నాడు. ఏటి సూపించను, ఏటీ లేదు గదా. నిన్ను రాంచీ పంపాలప్పా అన్నాడు.’

రాము ఆమె తమ్ముడు, రైల్వే యార్డులో పని. అప్ప అంటే మావైపు అక్క. రాంచీ పంపడమంటే పిచ్చాసుపత్రికి పంపడమని ఈ ఊళ్ళో చంటిపిల్లలకీ తెలుసు.

ఆదివారం అస్థికలు కలపలేదు. తండ్రి మళ్ళీ అడిగి తేల్చేదాకా కదపనివ్వనంది. ఎర్రగుడ్డ కట్టిన ఆ చిన్న కుండ శ్మశానం గదిలో మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు. రాము ఇంట్లో పెళ్ళికి ఆమెకు పిలుపు లేదు. ఇవన్నీ ఆమె తండ్రికి రాసింది, నేను చదివాను. ఏడాదికి ఏడెనిమిది సార్లు, ఎప్పుడూ మధ్యాహ్నం రెండు గంటలకే. ఆఫీసు గోడ గడియారంలో ఆ వేళ దగ్గర పడుతుంటే నేను కుర్చీలోంచి లేచి టీకి వెళ్ళిపోయేవాణ్ణి. తిరిగొచ్చేసరికి కొన్నాళ్ళు ఏమీ ఉండేది కాదు. కొన్నాళ్ళు ఉండేది. ఒకసారి ఒక్క మాటే రాసింది: ‘ఉన్నావా?’

ఆరేళ్ళలో నాకు రెండు పదోన్నతులు వచ్చాయి.

ఉద్యోగం మానిన నెలలో సంస్థకు సవరించిన నివేదిక పంపాను. దాచిన మార్పులను వాళ్ళు చరిత్రలో మళ్ళీ బయటపెట్టి, ఎవరి పనో పక్కన రాశారు. ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది కొద్దే. స్క్రిప్టును ఎప్పుడూ రెండో మనిషి చూడాలి. చరిత్రను దాచే అధికారం తప్పు చేసినవాడి చేతిలో ఉండకూడదు. టికెట్టు మూసేటప్పుడు మనం ఎంచుకునే కారణం అవతలి మనిషి చేతికి జవాబుగానే చేరుతుంది. వాళ్ళు దాన్ని పట్టుకునే బతుకుతారు.

తర్వాత సిద్ధగోరా వెళ్ళాను. చరిత్ర అంతా కాగితాల మీద అచ్చు తీసుకుని, ముందే ఫోను చేసి, తమ్ముణ్ణి కూడా పిలవమని అడిగి వెళ్ళాను. ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలు వేసింది నూకరత్నం. రాము వచ్చి, గుమ్మం దగ్గరే, చెప్పులు విప్పకుండా నిలబడ్డాడు.

కాగితాలు చూపించి, నంబరు ఎలా తారుమారైందో, ఏరు ఏమిటిగా ఎలా మారిందో, ఆ తర్వాత నేనేం చేశానో వరుసగా చెప్పాను. ఆమె వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదివింది.

రామే ముందు నోరు తెరిచాడు. ‘‘నాను అప్పుడే సెప్పినాను గదప్పా. నాన్న ఏనాడైనా ఏమిటి అన్నాడేటి? ఏటి అనే గదా అనేవోడు.’’

‘‘అక్కడికెల్తే మాట మారదేటి అనుకున్నాను రా,’’ అంది ఆమె. ‘‘ఈ ఊరొచ్చి మనకి మారలేదేటి?’’

రాముకి నవ్వొచ్చింది. నవ్వుతూనే మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాసేపటికి చెప్పులు విప్పి లోపలికొచ్చి నేల మీద కూర్చున్నాడు. ‘‘నిన్ను రాంచీ అన్నాను,’’ అన్నాడు.

‘‘అన్నావు. ఊరుకో.’’

‘‘ఆదివారం ఎల్దామప్పా. నువ్వు ఏ గట్టంటే ఆ గట్టే.’’

 ఆమె కాగితాలు దొంతర పెట్టి, అంచులు సరిచేసి, నావైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

‘‘అయితే బాబూ, ఇన్నేళ్ళూ నాను ఎవులితో మాటాడినట్టు?’’

‘‘నాతోనమ్మా,’’ అన్నాను. ‘‘మీరు రాసిన ప్రతి మాటా నాకే వచ్చేది. అన్నీ చదివాను. ఉన్నావా అని అడిగిన రోజు కూడా ఉన్నాను. ఒక్కదానికీ జవాబివ్వలేదు. మీకు పిచ్చి లేదని తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే, అయినా చెప్పలేదు. తప్పు యంత్రానిది కాదు, నాది. నన్ను క్షమించండి.’’