పోస్తే నిలిచేదల్లా గిన్నే

హిందూపురంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మాకొక ప్రాజెక్టు మేడం ఉండేవారు. ఏ వస్తువు చూపించినా దాని పేరు అడిగేవారు కాదు. "దీంతో ఏం చేయొచ్చు?" అనేవారు.

రెండువేల సంవత్సరం తర్వాతి రోజులవి. కెమెరా బిగించిన ఒక ఇనుప చెయ్యి తయారుచేశాం. గ్లాసు, గిన్నె అని దానికి పేర్లు నేర్పలేదు. "పోస్తే నిలిచేదల్లా గిన్నే. అది తెలిస్తే చాలు," అన్నారు మేడం.

ప్రిన్సిపాల్ చూడవచ్చిన రోజు ఆ చెయ్యి కెటిల్ పట్టుకుని, బల్ల మీది కొబ్బరిచిప్పలో చక్కగా టీ పోసింది. అందరం చప్పట్లు కొట్టాం. ల్యాబు ఊడ్చే అవ్వ ముచ్చటపడి ముందుకొచ్చింది.

"నాకూ పోస్తాదేమో చూద్దామప్పా," అని నవ్వుతూ దోసిలి పట్టింది.

కెమెరా అవ్వ వైపు తిరిగి ఆగింది. కెటిల్ దోసిలి మీదికొచ్చి వంగింది. మేడం "అవ్వా!" అని అరుస్తూ తన చెయ్యి అడ్డం పెట్టారు. మరిగే టీ ఆమె మణికట్టు మీద పడింది.

"నేర్పకుండానే దోసిలిని కనిపెట్టిందే!" అన్నారు ప్రిన్సిపాల్ సంబరంగా.

సాయంత్రం ధర్మవరం బస్సులో మేడం కట్టు కట్టిన చేత్తో నా పక్కన కూర్చున్నారు. బస్సు పెనుకొండ దాటింది.

"యాడ తప్పు జరిగింది మేడం?" అన్నాను.

"తప్పయితే దిద్దుకుంటాం కదప్పా. అది నేను చెప్పిందే చేసింది. ఆ దోసిలి వెనక అవ్వ ఉండాదని దానికి తెలీనే లేదు."

ఇంకా పెద్దది, బలమైనది చేయమన్నారు ప్రిన్సిపాల్. మేడం కాదనలేదు. ఆ తర్వాత ల్యాబులో కెమెరా తన వైపు తిరిగినప్పుడల్లా, పాఠం చెబుతూనే రెండు చేతులూ వీపు వెనక దాచుకునేవారు. కొన్నాళ్లకు మేమూ అలాగే నిలబడటం అలవాటు చేసుకున్నాం.